గండిపేట నీళ్లు తాగుతున్నామా? పాఠకుల నీటి సందేహాలు

ఈసారి హైదరాబాద్ మంచినీళ్ల గురించి ప్రశ్నలు పంపమని కోరాం. వచ్చిన ఉత్తరాలన్నింటినీ ప్రచురించడం వీలుకాదు కనుక, ఒకే విషయం మీద వచ్చిన వాటిని కలిపి, ఏడు ప్రశ్నలుగా కుదించాం. సమాధానాలు రాసినవారు నీటి సరఫరా విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజినీరు.

ప్రశ్న: ఇంజినీరు గారికి నమస్కారం. మా నాన్నగారు గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి వెళ్లలేడని ఎప్పుడూ అనేవారు. ఇప్పుడు మా నల్లాలో వచ్చేవి గండిపేట నీళ్లేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, మెహిదీపట్నం)

ఆ మాట మీ నాన్నగారి తరానికి అక్షరాలా వర్తించేది. 1908 మూసీ వరదల తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. ఈ రెండు చెరువులూ ఊరికి ఎగువన ఉండడమే వాటి గొప్పతనం. గండిపేట నీరు ఏ పంపూ అక్కర్లేకుండా పల్లానికి పారుతూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు, హిమాయత్‌సాగర్ నీరు మీరాలం ఫిల్టర్ బెడ్లకు చేరేవి. తెలుగులో సులువైన పనిని మంచినీళ్లప్రాయం అంటాం కదా, ఆ పోలిక ఆనాటి హైదరాబాద్‌కు సరిగ్గా సరిపోయేది.

తరువాత ఊరు పెరిగింది. 1965లో మంజీరా నీళ్లు, 1990లలో సింగూరు నీళ్లు వచ్చాయి. అవీ చాలక 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ పూర్తిచేశారు. ఒక్కో దశ సామర్థ్యం రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు, అంటే దాదాపు 41 కోట్ల లీటర్లు. అదే 2015లో ఎల్లంపల్లి జలాశయం నుంచి గోదావరి నీరు కూడా నగరానికి చేరింది. ఇప్పుడు నగరం ప్రధానంగా ఆధారపడేది ఈ రెండు నదుల మీదే. గండిపేట, హిమాయత్‌సాగర్‌ల నుంచి వచ్చేది మొత్తంలో చిన్న భాగం. మెహిదీపట్నం ఆసిఫ్‌నగర్‌కు దగ్గరే అయినా, పైపుల్లో నీటిని అవసరాన్ని బట్టి ఒక వైపు నుంచి మరో వైపుకు మళ్లిస్తుంటారు కాబట్టి, ఫలానా రోజున మీ బిందెలో పడ్డవి ఏ నది నీళ్లో నల్లా దగ్గర నిలబడి చెప్పడం కష్టం.

ఈ మార్పులో అసలు సంగతి దూరం కంటే ఎత్తు. ఎల్లంపల్లి పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 148 మీటర్లు. కృష్ణా నీటిని తీసుకునే నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ ఉన్నది దాదాపు 540 మీటర్ల ఎత్తున. గోదావరి నీటిని దాదాపు 400 మీటర్లు పైకి ఎత్తితే తప్ప నగరానికి అందదు. వెయ్యి లీటర్లను 400 మీటర్లు ఎత్తడానికి లెక్క ప్రకారం 1.09 యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు కలిసి 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే అది ఒకటిన్నర యూనిట్లవుతుంది. పైపుల్లో రాపిడి వల్ల పోయేది దీనికి అదనం. ఒక ఇంటికి నెలకు 20 వేల లీటర్లు వస్తున్నాయంటే, ఆ నీరు గడప దాకా రావడానికే 30 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చయిందన్నమాట. డబ్బును నీళ్లలా ఖర్చుపెట్టాడంటూ ఎవరినైనా తిట్టే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

ప్రశ్న: నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఉన్నా మా ఇంట్లో అంతకు మించి వాడుతున్నట్టు మీటరు చూపిస్తోంది. ఉండేది నలుగురమే. ఆ 20 వేల అంకె అసలు ఎక్కడిది? (గృహిణి, కూకట్‌పల్లి)

ఈ పథకం 2021 జనవరిలో మొదలైంది. పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం దీనికి షరతులు. 20 వేల లీటర్లకు మించి వాడిన నీటికి టారిఫ్ ప్రకారం చెల్లించాలి. అంకె విషయానికి వస్తే, భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు చొప్పున లెక్కకట్టడం మన దేశంలో ఇంజినీర్లకు అలవాటైన ప్రమాణం. అయిదుగురికి రోజుకు 675 లీటర్లు, ముప్ఫై రోజులకు 20,250 లీటర్లు. పథకం అంకె సరిగ్గా ఆ దరిదాపుల్లోనే ఉంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి 16,200 లీటర్లు సరిపోవాలి. సరిపోవడం లేదంటే వాడకమైనా ఎక్కువ ఉండాలి, ఎక్కడైనా కారుతూనైనా ఉండాలి.

రెండోది ముందు చూడండి. నీళ్లు వదిలే సమయంలో సంపులోకి వెళ్లే వాల్వు మూసేసి, మీటరు అద్దం కింద ఉండే చిన్న చక్రాన్ని గమనించండి. అన్నీ మూసి ఉన్నా అది తిరుగుతుంటే మీటరుకూ సంపుకూ మధ్య పైపు కారుతోందని అర్థం. అక్కడ లోపం కనిపించకపోతే, రాత్రి మోటారు ఆపి, సంపు గోడ మీద నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి, తెల్లవారాక చూడండి. గీత కిందకు నీరు దిగి ఉంటే సంపు గోడల్లోనో అడుగునో పగులు ఉన్నట్టే.

అసలు దొంగ తరచుగా ఫ్లష్ ట్యాంకులో ఉంటుంది. కారే కొళాయి చప్పుడు చేస్తుంది కనుక అందరూ దాన్నే తిడతారు. నిజానికి సెకనుకు ఒక చుక్క చొప్పున పడినా, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, రోజంతా పోయేది నాలుగు లీటర్లకు కాస్త పైన. ఫ్లష్ ట్యాంకు రబ్బరు అరిగితే మాత్రం నీరు కమోడు గోడ వెంట చప్పుడు లేకుండా జారిపోతుంది. నిమిషానికి ఒక చిన్న టీ గ్లాసెడు, అంటే వంద మిల్లీలీటర్లు జారినా రోజుకు 144 లీటర్లు. మీ ఇంట్లో కనబడకుండా అయిదో మనిషి కాపురముంటున్నట్టు లెక్క! ఫ్లష్ ట్యాంకులో కాస్త పసుపు కలిపి అరగంట ఎవరినీ వాడవద్దని చెప్పండి. కమోడులోకి పసుపు రంగు దిగితే ప్లంబరును పిలవండి. రబ్బరు ఖరీదు ప్లంబరు కూలిలో పదో వంతు కూడా ఉండదు.

అపార్టుమెంటుల నుంచి ఇదే ప్రశ్న అడిగినవారికి ఒక మాట. అక్కడ ఒకే పెద్ద మీటరు ఉంటుంది కనుక ఫ్లాట్ల సంఖ్యను 20 వేలతో గుణించి లెక్క చూస్తారు. నలభై ఫ్లాట్లకు ఎనిమిది లక్షల లీటర్లు. అందులో ఎవరి ఫ్లష్ కారుతోందో ఆ పెద్ద మీటరు చెప్పదు. ఫ్లాటుకో చిన్న మీటరు పెట్టించుకోవడానికి సంఘంలో ఒప్పించగలిగితే ఈ తగాదా చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: మా వీధిలో అందరూ నల్లాకే మోటారు బిగిస్తారు. మేము బిగించకపోతే మాకు చుక్క రాదు. ఇందులో తప్పేముంది? రోజు విడిచి రోజు కాకుండా 24 గంటలూ నీళ్లివ్వలేరా? (చిరు వ్యాపారి, నగర శివారు)

తప్పు ఉంది. అది కేవలం పక్కింటివారి వాటా లాక్కోవడం మాత్రమే కాదు. రిజర్వాయరులో నీరు నిండాక లైన్‌మన్ వచ్చి, పొడవాటి ఇనుప తాళంతో వాల్వు తిప్పితే, మీ వీధికి కేటాయించిన గంటో గంటన్నరో నీరు వస్తుంది. మిగతా సమయమంతా ఆ పైపు దాదాపు ఖాళీ. నీరు ఒత్తిడితో పారుతున్నంతసేపు, పైపుకు చిన్న చిల్లు ఉన్నా నీరు బయటకు కారుతుందే తప్ప బయటి మురికి లోపలికి రాలేదు. మోటారు పీల్చినప్పుడు ఇది తలకిందులవుతుంది. పైపులో ఒత్తిడి పడిపోయి, చిల్లు దగ్గర నేలలో ఉన్నదేదైనా లోపలికి వస్తుంది. పాత బస్తీల్లో మంచినీటి పైపూ మురుగు పైపూ ఎంత దగ్గరగా ఉంటాయో రోడ్డు తవ్వినప్పుడు చూసినవారికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో నగర నీటి సరఫరా సంస్థ జలమండలి ఈ మోటార్ల మీద ప్రత్యేకంగా తనిఖీలు చేపట్టి, పట్టుబడితే మోటారు స్వాధీనంతో పాటు 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించడం వెనుక ఉన్న కారణం ఇదే. నల్లా నీరు తనంతట తాను సంపులోకి దిగాలి. మోటారు సంపు నుంచి పై ట్యాంకుకు ఎక్కించడానికి మాత్రమే. నల్లా మట్టం కంటే సంపు పైకప్పు ఎత్తుగా కట్టుకుంటే నీళ్లు పడవు. శివారు ఇళ్లలో ఈ పొరపాటు చాలాసార్లు చూశాను.

నీళ్లు వదిలిన మొదటి రెండు మూడు నిమిషాల నీటిని బకెట్లో పట్టి మొక్కలకు పోయండి. తరువాతి నీటిలో క్లోరిన్ మిగిలి ఉందో లేదో సిబ్బంది దగ్గరుండే చిన్న గాజు గొట్టం చెప్పేస్తుంది. అందులో నీరు పట్టి రెండు చుక్కల మందు వేస్తే లేత పసుపు రంగుకు తిరగాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం వినియోగదారు కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. రంగు రాకపోతే ఆ నీరు మరిగించకుండా తాగవద్దు, వెంటనే ఫిర్యాదు చేయండి.

ఇరవై నాలుగు గంటల సరఫరాకు నీటి లభ్యత ఒక్కటే అడ్డంకి కాదు. పైపులు ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటే ఇప్పుడు గంటసేపు కారే ప్రతి చిల్లూ రోజంతా కారుతుంది. ముందు పైపులు మార్చాలి, ప్రతి ఇంటికీ మీటరు ఉండాలి, అప్పుడే అది సాధ్యం. ఆ క్రమాన్ని తిరగేసి హామీలిచ్చేవారిని నేను నమ్మను.

ప్రశ్న: నల్లా నీళ్లకు కూడా ఆర్‌ఓ యంత్రం పెట్టుకోవాలా? (విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్)

నది నీటి సరఫరాలో కరిగిన లవణాలు సాధారణంగా లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉంటాయి. ఆ నీటికి ఆర్‌ఓ అనవసరం, మంచి ఫిల్టరూ మరిగించడమూ చాలు. బోరు నీరో ట్యాంకరు నీరో తాగక తప్పనివారి సంగతి వేరు, వారు ముందు నీటి పరీక్ష చేయించుకుని నిర్ణయించుకోవాలి. ఇంటి ఆర్‌ఓ ఒక లీటరు ఇవ్వడానికి తరచుగా రెండు మూడు లీటర్లు బయటకు వదిలేస్తుంది. ఇప్పటికే యంత్రం ఉంటే, ఆ వదిలే గొట్టాన్ని సింకులో కాకుండా బకెట్లో పెట్టి, ఆ నీటితో ఇల్లు తుడుచుకోండి.

ప్రశ్న: మా గేటెడ్ కమ్యూనిటీలో మురుగు శుద్ధి చేసి, ఆ నీటినే ఫ్లష్‌కు, తోటకు ఇస్తున్నారు. ఆలోచన మంచిదే కానీ ఉదయం పూట బాత్‌రూములో కుళ్లిన గుడ్ల వాసన. కొందరు ఆ లైను కట్ చేయించి, ఫ్లష్‌కూ మంచినీళ్లే కలుపుకున్నారు. ఏం చేయమంటారు? (నివాసుల సంఘం సభ్యుడు, పడమటి హైదరాబాద్)

ముందుగా, లైను కట్ చేయించుకున్నవారిని ఆ పని ఎలా చేయించారో అడగండి. శుద్ధి చేసిన నీటి పైపునూ మంచినీటి పైపునూ ఒక వాల్వుతో కలిపి ఉంటే, ఒత్తిడి అటూ ఇటూ అయినప్పుడు ఫ్లష్ నీరు వంటింటి కొళాయిలోకి వచ్చే ప్రమాదం ఉంది. అలాంటి కలయిక ఎక్కడున్నా వెంటనే తొలగించాలి. రెంటికీ వేర్వేరు పైపులు, వేర్వేరు రంగులు, వేర్వేరు ట్యాంకులు ఉండి తీరాలి.

ఇక వాసన సంగతి. మురుగును శుద్ధి చేసేది యంత్రం కాదు, సూక్ష్మజీవులు. మనం చేసేదల్లా వాటికి తిండీ గాలీ అందేలా చూడడమే. తిండి మన బాత్‌రూముల నుంచి వస్తుంది, గాలి బ్లోయర్ నుంచి వస్తుంది. కరెంటు బిల్లు తగ్గిద్దామని రాత్రి పదింటికి బ్లోయర్ ఆపి ఉదయం ఆరింటికి వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ ఎనిమిది గంటల్లో గాలి కావలసిన జీవులు చచ్చిపోతాయి, గాలి అక్కర్లేనివి పెరుగుతాయి. అవి వదిలే వాయువుదే ఆ కుళ్లిన గుడ్ల వాసన. మీకు ఉదయం పూటే వాసన వస్తోందన్న మాట చదవగానే నాకు మొదట అనుమానం వచ్చింది బ్లోయర్ మీదే. ఆపరేటరును గద్దించకుండా, లాగ్‌బుక్ చూపించమని అడగండి. బ్లోయర్ గంటలు అందులో ఉంటాయి. లాగ్‌బుక్కే లేకపోతే జవాబు దొరికినట్టే.

మీ ప్లాంటులో బ్లోయర్ గాలి పట్టించే ట్యాంకు నుంచి ఆపరేటరు చేత లోపలిది కనిపించే ఒక లీటరు సీసాలో నీరు పట్టించి, కదపకుండా అరగంట ఉంచండి. బురద అడుగుకు దిగి, పైన నీరు తేటపడాలి. ఆ బురద చాక్లెట్ రంగులో ఉండి మట్టి వాసన వేస్తే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా ఉండి ముక్కు మూసుకోవలసి వస్తే గాలి చాలడం లేదు. పలుచగా, కుదురుకోకుండా తేలుతుంటే జీవులే తక్కువ. ప్లాస్టిక్ చక్రాల మీద జీవులను పెంచే రకం ప్లాంటుకు ఈ సీసా పరీక్ష అంతగా సరిపోదు, అక్కడ ఆ చక్రాల మీద గోధుమరంగు పొర పట్టిందో లేదో చూడాలి.

గాలి సరిగా ఉన్నా వాసన ఆగకపోతే మరో రెండు కారణాలు వెతకండి. ఒకటి, యాసిడ్, ఫినాయిలు, బ్లీచింగ్ ఎక్కువగా పోయడం. పండుగ ముందు అన్ని ఫ్లాట్లూ ఒకే రోజు బాత్‌రూములు కడిగితే మరునాడు ప్లాంటు మూలుగుతుంది. రెండు, శుద్ధి చేసిన నీటిని ట్యాంకులో రెండు మూడు రోజులు నిల్వ ఉంచడం. ఆ నీటిలో మిగిలిన కొద్దిపాటి మలినం, క్లోరిన్ అయిపోగానే మళ్లీ కుళ్లడం మొదలుపెడుతుంది. ఏ రోజు నీరు ఆ రోజు వాడేయాలి, మిగిలితే తోటకు వదలాలి. తోటలో స్ప్రింక్లర్లతో చిమ్మించకుండా పాదుల్లోకి పారించడం మేలు.

ఒక హెచ్చరిక. ఎంత అత్యవసరమైనా ట్యాంకులోకి మనిషిని దించవద్దు. ఆ వాసన వాయువే ఎక్కువైతే మనిషికి ముక్కు పనిచేయడం మానేస్తుంది, తరువాత ఊపిరి ఆగుతుంది. రక్షణ లేకుండా మురుగు ట్యాంకుల్లోకి మనుషులను దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న: సింగపూర్‌లో మా అబ్బాయి మురుగునీటిని శుద్ధిచేసి తాగునీటిలో కలుపుతారని చెబితే మాకు ఆ పూట అన్నం సయించలేదు. మన దగ్గర కూడా అలా చేస్తారా? (తల్లిదండ్రులు, వరంగల్)

మీ అబ్బాయి చెప్పింది నిజమే. సింగపూర్ 2003 నుంచి అలా శుద్ధి చేసిన నీటిని ప్రధానంగా పరిశ్రమలకు ఇస్తూ, కొంత జలాశయాల్లో కలుపుతోంది. ఆఫ్రికాలో నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచే నేరుగా తాగునీటిలో కలుపుతోంది. మనకు దగ్గరలో చెన్నై, రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున శుద్ధి చేయగల రెండు ప్లాంట్లను కోయంబేడు, కొడుంగైయూరుల్లో పెట్టి, ఆ నీటిని పరిశ్రమలకు ఇస్తోంది. చెన్నై తాగునీటి కోసం తెలుగుగంగ కాలువ వెంట కృష్ణా నీటికి ఎదురుచూసే ఊరు కనుక, పరిశ్రమలకు వేరే నీరు చూపడం అక్కడ తప్పనిసరి అవసరం.

హైదరాబాద్‌లో తాగునీటిలో కలపడం లేదు. ఇక్కడ ముందు మురుగంతా శుద్ధి చేయడమే పెద్ద పని. పాత ప్లాంట్ల మొత్తం సామర్థ్యం రోజుకు 77 కోట్ల లీటర్లు. వాటిలో అతిపెద్దది అంబర్‌పేట, దాదాపు 34 కోట్ల లీటర్లు. ఇవి చాలక 2021లో మరో 31 ప్లాంట్లు మంజూరు చేశారు. వాటి సామర్థ్యం దాదాపు 126 కోట్ల లీటర్లు. ఇలా శుద్ధి అయిన నీటిని తోటలకు, నిర్మాణాలకు, పరిశ్రమలకు ఇవ్వవచ్చు. ఇటుకలు తడపడానికి నాలుగు వందల మీటర్లు ఎత్తిన గోదావరి నీరు ఎందుకు?

అయితే మీ అన్నం సయించకపోవడం గురించి ఒక మాట. పుణె మురుగు ములా-ముఠా ద్వారా భీమాలో, భీమా కృష్ణలో కలిసి, జూరాల, శ్రీశైలం దాటి సాగర్‌కు వస్తుంది. హైదరాబాద్ ఆ నీరే శుద్ధి చేసుకుని తాగుతోంది. నాసిక్, నాందేడ్‌లు గోదావరి మీదే ఉన్నాయి, ఎల్లంపల్లి వాటికి దిగువన ఉంది. మరి హైదరాబాద్ మురుగో? మూసీ వాడపల్లి దగ్గర, అంటే సాగర్‌కు దిగువన, కృష్ణలో కలిసి, పులిచింతల మీదుగా ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. విజయవాడ అక్కడి నీరు తాగుతుంది. ఎవరి మురుగు ఎవరు తాగడం లేదు? సింగపూర్ దాన్ని పైపులో కొలిచి, పరీక్షించి కలుపుతోంది. మనం నదికి వదిలేసి, మధ్యలో నది చేసే శుద్ధి మీద, ఎగువవారి మంచితనం మీద ఆధారపడుతున్నాం. రెంటిలో ఏది నయమో నేను మొహమాటపడకుండా చెప్పగలను, కానీ అన్నం వేళ కాదు.

ప్రశ్న: మాది 200 గజాల డాబా. ఇంకుడు గుంత తవ్వించి మూడేళ్లయింది, బోరులో తేడా ఏమీ కనిపించడం లేదు. (ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్)

ముందు మీ డాబా మీద పడేదెంతో చూద్దాం. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆవిరికి, చిమ్మి పోయేదానికి అయిదో వంతు తీసేసినా, లక్ష లీటర్లకు పైనే మిగులుతాయి. మీ ఉచిత కోటా అయిదు నెలలకు ఎంతో అంత.

కానీ గుంతలో దిగిన నీరంతా మీ బోరులోకే రావాలని లేదు. మన నేల కింద గ్రానైటు రాయి ఉంది. నీరు దాని పగుళ్ల వెంట ఎటు దారి ఉంటే అటు పోతుంది. మీ గుంత వల్ల నాలుగిళ్ల అవతల బోరు బాగుపడి ఉండవచ్చు, వారు మీకు ఆ సంగతి చెప్పి ఉండరు. అందుకే వీలైతే మొదట డాబా నీటిని సంపులోకి పట్టి వాడుకోండి, సంపు నిండి పొర్లిందే గుంతకు వదలండి. సీజనులో మొదటి రెండు వానల నీటిని బయటకు పంపే వాల్వు తప్పనిసరి.

మూడేళ్లలో గుంతను ఒక్కసారైనా శుభ్రం చేయించారా? పైనున్న ఇసుక పొర మీద ఆకులు, దుమ్ము పేరుకుని, తడి ఆరి, పెళ్లలా గట్టిపడుతుంది. అప్పుడు నీరు కిందకు దిగక గుంత పైనే నిలిచి, రోడ్డెక్కుతుంది. రెండు బిందెల నీళ్లు గుంతలో పోసి చూడండి. పది నిమిషాల్లో ఇంకకపోతే పై నాలుగంగుళాల ఇసుక తీయించి, కొత్త ఇసుక వేయించండి. గుంతకు ముందుండే చిన్న మట్టి తొట్టిని కూడా ఖాళీ చేయించాలి. రోహిణి కార్తెలో ఎండ బాగా ఉండగానే ఈ పని చేయిస్తే, మృగశిర కార్తె మొదటి వానకు గుంత సిద్ధంగా ఉంటుంది.